రెండో గేరు పొద్దున్నే గరగరమంటోంది, రివర్స్ కూడా: గేర్‌బాక్స్ ఇంకో లక్ష కిలోమీటర్లు రావాలంటే ఏం చేయాలి?

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్:

అన్నలకి నమస్తే. బండి 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 5 గేర్లు, కేబుల్ క్లచ్, 72 వేల కి.మీ. తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీసు బుక్కులో ఎక్కడా లేదు. వాడకం ఎక్కువగా టౌన్లోనే: ట్రంకు రోడ్డు, మినీ బైపాస్, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి. అప్పుడప్పుడు హైవే మీద ఒంగోలు, ఎప్పుడైనా దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం.

ఇబ్బంది ఏందంటే, పొద్దున బండి తీసిన మొదటి కాసేపు ఒకటి నుంచి రెండుకి వేసేటప్పుడు గరగరమంటుంది. వేడెక్కాక తగ్గుతుంది. రివర్స్ మాత్రం ఎప్పుడు వేసినా గర్ర్ అంటుంది. దగ్గర్లోని మెకానిక్ గేర్‌బాక్స్ దించి సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలు కలిపేవి) మార్చాలన్నాడు. ఇంకొకాయన ముందు 90 నంబర్ ఆయిల్ పోసి చూడమన్నాడు. ఏది ముందు చేయాలి? గేర్‌బాక్స్ చాలాకాలం మన్నాలంటే నడపడంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఒంగోలు గేర్:

దించొద్దు. 90 నంబర్ కూడా పోయొద్దు. ముందు క్లచ్ పూర్తిగా విడుస్తోందా లేదా చూడండి. గేర్‌బాక్స్ పాడయిందని దించిన బళ్ళలో చాలావాటికి అసలు రోగం క్లచ్‌లోనే ఉంటుంది. అది సగం పట్టుకునే ఉంటే గేరు వేసిన ప్రతిసారీ రింగుల మీద ఇంజిన్ బలం పడుతుంది. కొత్త రింగులు వేసినా అవీ అదే దారి పడతాయి.

చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వండి. ఏసీ ఆపేయండి, లేకపోతే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఎక్కువగా ఉంటుంది. క్లచ్ అడుగుదాకా తొక్కి, మనసులో అయిదు లెక్కపెట్టి, అప్పుడు మెల్లగా రివర్స్ వేయండి. తొక్కిన వెంటనే వేస్తే గర్రుమని, అయిదు ఆగి వేస్తే శబ్దం లేకుండా పడితే క్లచ్ బాగున్నట్టే. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. క్లచ్ తొక్కాక లోపల షాఫ్టు ఆగడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, అది ఆగకముందే వేస్తే పళ్ళు కొట్టుకుంటాయి. అయిదు ఆగినా గర్రుమంటే షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంది, అంటే క్లచ్ విడవడం లేదు.

ఇంకో పరీక్ష: ఇంజిన్ ఆపి క్లచ్ తొక్కి గేర్లన్నీ వేసి చూడండి, తర్వాత స్టార్ట్ చేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలా పడి, ఇంజిన్ నడిచేటప్పుడు అన్నీ బిగుసుకుంటుంటే అదీ క్లచ్చే. ఆపినప్పుడు కూడా బిగువుగా ఉంటే గేరు రాడ్డు కేబుళ్ళు, బుష్షులు చూడాలి. అన్నీ బాగుండి ఒక్క రెండోదే గరగరమంటే అప్పుడు ఆ గేరు రింగును అనుమానించాలి.

క్లచ్ విడవడం లేదని తేలితే కేబుల్ జోలికి పోకముందు కాళ్ళకింద మ్యాట్ తీసి చూడండి. కంపెనీ మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేసుకోవడం మనవైపు మామూలే. ఆట ఎక్కువైన బండిలో క్లచ్ అడుగుకి దగ్గర్లోనే పూర్తిగా విడుస్తుంది, ఆ చివరి కాస్త ప్రయాణాన్ని మ్యాట్ తినేస్తుంది. తర్వాత పెడల్ పైభాగంలో ఉత్తి ఆట (క్లచ్ మీద బలం పడకముందు పెడల్ ఊరికే కదిలే దూరం) ఎంతుందో స్కేలు పెట్టి కొలవండి. ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో రాసుంటుంది. ఎక్కువైతే క్లచ్ విడవదు. బొత్తిగా లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని ఒత్తి విడిపించేది) ఎప్పుడూ ఒత్తుకుని తిరిగి అరుగుతుంది, క్లచ్ ప్లేటు జారుతుంది. కేబుల్ పోగులు తెగడం మొదలైతే ఎంత అడ్జస్ట్ చేసినా నాలుగు రోజులకే మళ్ళీ వదులవుతుంది, అప్పుడు కేబులే మార్చాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండే బళ్ళకి ఉప్పుగాలికి కేబుల్ లోపల తుప్పు పట్టి పెడల్ గట్టిపడుతుంది.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్నవాళ్ళకి: పెడల్ కిందికి పోయి పైకి మెల్లగా వస్తున్నా, రెండు మూడు సార్లు పంపు కొడితే గేర్లు తేలిగ్గా పడుతున్నా, లైన్‌లో గాలి ఉన్నట్టు, లేదా సిలిండర్ లీకవుతున్నట్టు. చాలా బళ్ళలో క్లచ్‌కీ బ్రేకుకీ ఆయిల్ డబ్బా ఒకటే. మాన్యువల్‌లో చెప్పిన డాట్ 3 గానీ డాట్ 4 గానీ బ్రేకు ఆయిల్ రెండేళ్ళకోసారి మార్పించి గాలి తీయించండి. ఆ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, తేమతో సిలిండర్ లోపల తుప్పు పట్టి రబ్బరు సీళ్ళను కోస్తుంది.

కావలి ట్రాన్స్‌మిషన్:

పై అన్న క్లచ్ గురించి చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నేను ఆయిల్ సంగతి చెబుతాను, 90 నంబర్ అనే మాట మనవైపు చాలా గేర్‌బాక్సుల్ని తినేసింది.

90 అనేది చిక్కదనం నంబరు మాత్రమే. అసలు చూడాల్సింది డబ్బా మీద జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా. షాపుల్లో 90 నంబర్ అడిగితే చేతికొచ్చేది ఎక్కువగా జీఎల్-5. అది లారీలు, బొలెరో లాంటి బళ్ళ వెనక క్రౌన్ (వెనక ఇరుసులో చక్రాలకి బలం మళ్ళించే పెద్ద పళ్ళచక్రం) కోసం చేసింది. క్రౌన్, పినియన్ పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి, దాన్ని తట్టుకోవడానికి జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు కలుపుతారు. ముందు చక్రాలు లాగే మన హ్యాచ్‌బ్యాక్‌లో అలాంటి క్రౌనే లేదు. రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ లోపలే, మామూలు ఏటవాలు పళ్ళతో ఉంటుంది. ఉన్నదల్లా సింక్రో రింగులు, అవి చాలా బళ్ళలో ఇత్తడివి. కొన్ని రకాల జీఎల్-5 మందులు వేడిమీద ఇత్తడిని తింటాయి. అదీగాక రింగు పనిచేయాలంటే గేరు కోను (రింగు కూర్చునే ఏటవాలు అంచు) మీద రవ్వంత పట్టు ఉండాలి, ఆ ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు పట్టలేదు. పట్టకపోతే వేగాలు కలవవు, గరగరమంటుంది.

కాబట్టి మీ మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసుందో అదే. చిన్న కార్లకి ఎక్కువగా 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-85, 75డబ్ల్యూ-90 జీఎల్-4 ఉంటాయి. కొన్ని కంపెనీలు తమ సొంత ఆయిలే పోయమంటాయి, అక్కడ ప్రయోగాలు వద్దు. జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసి ఉన్న డబ్బాలూ దొరుకుతాయి. వాటికంటే ఒట్టి జీఎల్-4 అని ఉన్నదే నాకు నమ్మకం. మన నెల్లూరులో జనవరి పొద్దున కూడా పెద్ద చలి ఉండదు, అయినా చిక్కటి ఆయిల్ పోస్తే మొదటి రెండు మూడు కిలోమీటర్లు రింగు ఆ చిక్కదనాన్ని కోసుకుని పట్టుకోవడానికి ఆలస్యమవుతుంది. మీ పొద్దుటి గరగరకి అదీ కారణం కావచ్చు. ఎవరో ఇంతకుముందే 90 నంబర్ పోసి ఉండొచ్చు.

ఆయిల్ మార్చే పద్ధతి. పది పదిహేను నిమిషాలు నడిపి రండి, ఆయిల్ వేడిగా ఉంటే అడుగున కూర్చున్న మురికితో సహా దిగుతుంది. బండి నాలుగు చక్రాలూ సమానంగా లేచే లిఫ్ట్ మీదో, గుంట మీదో ఉండాలి. ముందు ఒక్కపక్క జాకీ వేసి లేపితే లెవెల్ తప్పుతుంది. మొదట ఫిల్లర్ బోల్టు విప్పండి, తర్వాతే డ్రెయిన్ బోల్టు. ఫిల్లర్ బోల్టు పట్టేసి రాకపోతే పాత ఆయిలైనా లోపల ఉంటుంది. ముందు డ్రెయిన్ తీసి ఆయిలంతా దించేశాక ఫిల్లర్ రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. కొన్ని బోల్టులకి చదరపు తల, కొన్నిటికి లోపల అలెన్ కీ గుంత ఉంటుంది. సరైన కీ లేకుండా పైపు రెంచి పెడితే తల గుండ్రమవుతుంది.

డ్రెయిన్ బోల్టు చివర చాలా బళ్ళలో అయస్కాంతం ఉంటుంది. దాన్ని తుడిచేముందు వేలితో తీసి ఎండలో చూడండి. బూడిదరంగు ముద్ద, కాటుకంత మెత్తగా, వేళ్ళమధ్య నలిపితే గరుకు తగలకుండా ఉంటే అది మామూలు అరుగుదల. సూదిముక్కల్లాగా, గోరుకు తగిలే రేకుల్లాగా ఉంటే పన్నో బేరింగో పోతోంది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, కాబట్టి పట్టిన ఆయిల్‌ని కూడా తెల్ల ప్లాస్టిక్ టబ్బులో ఎండకు పెట్టి చూడాలి. బంగారు రంగు పొడి మెరుస్తూ కనబడితే రింగులు అరుగుతున్నాయి. ఆయిల్ నల్లబడితే కంగారక్కర్లేదు. పాలల్లే తెల్లబడితే నీళ్ళు చేరాయి.

దిగిన ఆయిల్‌ని కొలత డబ్బాలో పోసి ఎంతుందో రాసుకోండి. చిన్న కార్లకి మామూలుగా రెండు లీటర్ల ప్రాంతంలో పడుతుంది, మీ బండికి ఎంతో మాన్యువల్ చెబుతుంది. ఆ లెక్కకంటే బాగా తక్కువ దిగిందంటే ఎక్కడో లీకు ఉండొచ్చు. డ్రైవ్ షాఫ్టులు గేర్‌బాక్స్‌లోకి పోయేచోట రెండు పక్కలా సీళ్ళు తడిసి దుమ్ము పట్టి ఉన్నాయా చూడండి.

పావుగంటైనా కారనివ్వండి. కొందరు డీజిల్ పోసి కడుగుతారు, అది వద్దు, మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేసి బిగించండి. గేర్‌బాక్స్ గుల్ల అల్యూమినియం, పొడుగు రాడ్డేసి బిగిస్తే మర పోతుంది. మాన్యువల్‌లో ఉన్న టార్కుకి టార్క్ రెంచితోనే బిగించాలి. ఆయిల్ ఫిల్లర్ రంధ్రం కింది అంచుదాకా వచ్చి సన్నగా బయటికి కారేదాకా పోసి, కారడం ఆగాక మూయాలి. పక్కనున్న గిన్నెలో మిగిలిందని ఇంకో అరలీటరు కుక్కితే సీళ్ళమీద ఒత్తిడి పెరిగి, ఇంజిన్ బలాన్ని లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు దాటి క్లచ్ ప్లేటు మీద పడుతుంది.

కొన్ని మాన్యువళ్ళలో 40 వేల కి.మీ. దగ్గర మార్చమని ఉంటుంది. జీవితాంతం మార్చక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. గేర్‌బాక్స్‌లో ఫిల్టరు ఉండదు, అరిగిన పొడి అంతా ఆ రెండు లీటర్లలోనే తిరుగుతుంది.

దర్శి బొలెరో:

వెనక చక్రాలు లాగే బళ్ళున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: మనకి రెండు చోట్ల రెండు ఆయిళ్ళు. వెనక క్రౌన్‌కి జీఎల్-5 పోయాల్సిందే, గేర్‌బాక్స్‌కి మాన్యువల్ ఏది చెబితే అది. మెకానిక్ ఒకే డబ్బా తెచ్చి రెండింట్లో పోస్తుంటే ఆపండి.

బండి ఆగిపోయి తాడుతో లాగించేటప్పుడు కూడా తేడా ఉంది. ముందు చక్రాల బండిలో చక్రాలు తిరిగితే డిఫరెన్షియల్ పెద్ద గేరు ఆయిల్‌లో మునిగి కొంతైనా చిమ్ముతుంది. మన బళ్ళలో ఆయిల్ చిమ్మే కింది షాఫ్టుని ఇంజిన్ తిప్పాలి. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో చీమకుర్తి నుంచి ఒంగోలుదాకా లాగితే పై షాఫ్టు బేరింగులు ఎండుగా తిరిగి కాలిపోతాయి. దూరం లాగాలంటే వెనక చక్రాలు లేపండి, లేదా ప్రొపెల్లర్ షాఫ్టు (వెనక ఇరుసుకి పోయే పొడుగు షాఫ్టు) విప్పండి.

క్వారీ రోడ్ల దుమ్ములో తిరిగే ఏ బండికైనా గేరు రాడ్డు కింద బుష్షులు త్వరగా అరుగుతాయి. రాడ్డు గేరులో ఉండగా కూడా అటూ ఇటూ ఊగుతుంటే అవే. అవి అరిగితే గేరు సగమే పడుతుంది, సగం పడిన గేరు కొన్నాళ్ళకి తనంతట తాను బయటికి దూకుతుంది. చవక భాగాలు, ఆలస్యం చేయొద్దు. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగాయేమో కూడా అప్పుడే చూడండి.

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్:

చాలా థాంక్స్ అన్నా. అయిదు లెక్కపెట్టినా రివర్స్ గర్రుమంది. రబ్బరు మ్యాట్ మీద కాయిర్ మ్యాట్ ఉంది, రెండూ తీసి తొక్కితే పెడల్ ఇంకాస్త కిందికి పోయింది, రివర్స్ శబ్దం లేకుండా పడింది. ఉత్తి ఆట మాన్యువల్ కంటే కాస్త ఎక్కువుంది, కేబుల్ సరిచేయిస్తాను. రెండో గేరు మాత్రం పొద్దున ఇంకా అంటోంది, కానీ తగ్గింది. ఆయిల్ మార్పించాక కూడా ఉంటే? అండర్ బ్రిడ్జి నీళ్ళ గురించి కూడా చెప్పండి, వానొస్తే అది తప్పదు.

ఒంగోలు గేర్:

మంచిది. రెండోది ముందు అరగడానికి కారణం ఉంది. ఒకటికీ రెండుకీ మధ్య వేగం తేడా మిగతా గేర్లన్నిటికంటే జాస్తి, ఆ తేడా అంతా ఆ ఒక్క రింగే మింగాలి. పైగా టౌన్లో ఎక్కువ వాడేదీ అదే. సరైన ఆయిల్ పోశాక వెయ్యి కిలోమీటర్లు చూడండి. ఈలోపు ఒకటి నుంచి లాగేటప్పుడు న్యూట్రల్ దగ్గర కనురెప్పపాటు ఆగి, రెండోదాన్ని వేళ్ళతో నొక్కిపట్టండి, అదే పడుతుంది. అరచేత్తో గుద్దొద్దు. మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ చిన్నగా ఒకసారి, మళ్ళీ క్లచ్ తొక్కి రెండు. ఇలా చేస్తే అరిగిన రింగుకి పని దాదాపు ఉండదు.

వేడి మీద కూడా గరగరమనడం మొదలైతే దించాల్సిందే. అప్పుడు రింగు ఒక్కటే మార్చి మూసేయనివ్వొద్దు. రింగుకీ గేరుకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలిచి సర్వీసు మాన్యువల్ లిమిట్‌తో పోల్చమనండి. గేరుని షాఫ్టుకి కలిపే స్లీవ్ లోపలి పళ్ళ కొనలు, గేరు పక్కనున్న చిన్న పళ్ళు మొద్దుబారాయా చూడమనండి. కొనలు గుండ్రమైతే కొత్త రింగు వేసినా గేరు నిలవదు.

దించిన కూలి ఎలాగూ పడింది కాబట్టి అదే చేత్తో రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, రెండు డ్రైవ్ షాఫ్ట్ సీళ్ళు మార్చేయండి. క్రాంక్ వెనక సీలు చెమ్మగిల్లితే అదీ. క్లచ్ ప్లేటు సగం అరిగి ఉంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ సెట్టుగానే వేయించండి. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు షాఫ్టు మీద వేలాడనివ్వకూడదు, ప్లేటు మధ్యభాగం వంగి కొత్త క్లచ్ కూడా విడవదు. జాకీతో ఆనించి, ప్లేటుని డమ్మీ షాఫ్టుతో సెంటర్ చేసి ఎక్కించాలి. ఇది దగ్గరుండి చూడండి.

శబ్దాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు హూ మని, తొక్కితే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్. ఏ గేరులోనైనా బండి వేగంతోపాటు పెరిగితే డిఫరెన్షియల్ బేరింగ్, లేదా చక్రం బేరింగ్. చక్రానిదైతే మలుపులో ఎక్కువతక్కువ అవుతుంది.

కావలి ట్రాన్స్‌మిషన్:

నీళ్ళ సంగతి. గేర్‌బాక్స్ పైన గాలి పోవడానికి బ్రీదర్ ఉంటుంది. ఎండలో గంట తిరిగి కాలిపోతున్న గేర్‌బాక్స్ మాగుంట లేఅవుట్ గానీ ఆత్మకూరు బస్టాండ్ గానీ అండర్ బ్రిడ్జి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బ్రీదర్‌లోంచి, సీళ్ళ అంచుల్లోంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. అందుకని చక్రం మధ్యబొడ్డు దాకా నీళ్ళుంటే దిగొద్దు, చుట్టుతిరిగి పోండి. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పటిలాంటి నీళ్ళలో బండి నిలిచిపోయి ఉంటే స్టార్ట్ కూడా చేయొద్దు, గేర్ ఆయిల్ సహా అన్నీ దించాకే.

నీళ్ళలో పోయొచ్చారని అనుమానముంటే డ్రెయిన్ బోల్టు రవ్వంత వదులు చేసి ఒక గరిటెడు దించి చూడండి. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక తీస్తే నీళ్ళు ముందుగా వస్తాయి. తెల్లగా ఉంటే వెంటనే మార్చి, ఓ యాభై కిలోమీటర్లు నడిపి, మళ్ళీ మార్చాలి. ఒక్కసారికి లోపలి తేమంతా పోదు, మిగిలిన తేమ బేరింగు గుండ్లమీద చుక్కలుగా తుప్పు పట్టిస్తుంది. బ్రీదర్‌కి బురద పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళు తన్నుకుని లీకవుతాయి, ఆయిల్ మార్చేటప్పుడు అదీ తుడిపించండి.

కందుకూరు క్లచ్:

నడపడం గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు.

గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించి నడపొద్దు. ఆ బరువుకి లోపల స్లీవ్‌ని జరిపే ఫోర్కు, తిరిగే స్లీవ్‌ని ఎప్పుడూ ఒరుసుకుంటూ అరుగుతుంది. క్లచ్ మీద కాలు ఆనించడమూ అంతే, రిలీజ్ బేరింగ్ పోతుంది. సిగ్నల్లో న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేయండి. అండర్ బ్రిడ్జి ఎక్కుడులో ట్రాఫిక్ ఆగితే హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడం మానండి. హ్యాండ్ బ్రేకు మీద ఆపి, క్లచ్ పట్టు దొరికాక వదలండి. ముప్పై వేలకే ప్లేటు పోయిందనేవాళ్ళలో చాలామంది కాలు ఇక్కడే దొరికిపోతుంది.

దోర్నాల ఘాట్ దిగేటప్పుడు మూడు, వంపుల్లో రెండు, న్యూట్రల్ అసలు వద్దు. వేగంలో ఉండగా నాలుగు నుంచి రెండుకి తోస్తే రింగూ క్లచ్ ప్లేటూ రెండూ దెబ్బతింటాయి, ఇంజిన్ ఆర్‌పీఎం హద్దు దాటి వాల్వులు కూడా పోవచ్చు. ముందు బ్రేకుతో వేగం తగ్గించి తర్వాత గేరు దించండి. ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఇంజిన్ దడదడలాడుతుంటే మైలేజీ కోసమని సాగదీయొద్దు, ఆ దడ అంతా గేరు పళ్ళమీద, క్లచ్ స్ప్రింగుల మీద పడుతుంది.

పల్లంలో పార్కు చేసేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి, పాదం బ్రేకు వదిలి బరువు హ్యాండ్ బ్రేకు మీద కూర్చున్నాకే గేరు వేయండి. మైపాడు ఇసుకలో ఇరుక్కుంటే రేజ్ చేసి క్లచ్ కాల్చొద్దు. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా తీసి, చక్రాల ముందు ఇసుక తవ్వి, రెండో గేరులో మెల్లగా తీయండి. రోడ్డెక్కగానే మళ్ళీ గాలి పట్టించాలి.

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్:

ఒక చిన్న డౌటన్నా. ఫిల్లర్ బోల్టుకి కూడా కొత్త వాషర్ కావాలా? షాపులో ఒకటే ఇచ్చాడు.

కావలి ట్రాన్స్‌మిషన్:

బోల్టు విప్పి చూడండి. వాషర్ ఉన్న బోల్టైతే దానికీ కొత్తది వేయండి. కొన్ని బళ్ళలో వాషర్ ఉండదు, మరలు తలవైపుకి పోయేకొద్దీ లావవుతాయి, అలాంటివాటికి మాన్యువల్‌లో చెప్పిన సీలెంట్ మరలకి పలచగా రాసి బిగిస్తారు. ఏది చేసినా రెండు రోజులు నడిపాక కింద తెల్ల కాగితం పరిచి రాత్రి పార్కు చేసి చూడండి, చుక్క పడితే ఏ బోల్టో తెలిసిపోతుంది.